గేర్ బాక్స్ జోలికి పోకు, ముందు ఆ కేబుల్ ఊడదీసి చూడు

విజయవాడ నుంచి ఒక అబ్బాయి రాశాడు. పొడుగు ఉత్తరం, నేను కాస్త కుదించి పెడుతున్నాను:

"బాబాయ్ గారూ, నాకో ఇరవై అడుగుల పెట్రోల్ బోటు ఉంది. రెండేళ్ల కింద గోవా వైపు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాను. 4.3 లీటర్ల ఇంజను, వెనక ఆల్ఫా వన్ స్టెర్న్‌డ్రైవ్ (ఇంజను బోటు లోపల, ప్రొపెల్లర్ ఉన్న గేర్ల భాగం వెనక గోడకి బయట). కృష్ణకు వరదొచ్చే రోజుల్లో నాలుగు నెలలు గట్టు మీద పెట్టాను. మళ్లీ నీళ్లలోకి దించిన దగ్గర్నుంచి గేర్ లివర్ బిగుసుకుపోయింది. రివర్స్ వెయ్యాలంటే రెండు చేతులూ కావాలి. రివర్స్ నుంచి న్యూట్రల్‌కి తెస్తుంటే ఇంజను ఠక్కున ఆగిపోతోంది. మొన్న రేవు దగ్గర ఫార్వర్డ్ నుంచి గేరు బయటికే రాలేదు, వెళ్లి జెట్టీ టైర్లకు గుద్దుకున్నాం. బోటులో మా మావయ్య వాళ్లున్నారు, పిల్లలతో సహా. ఆటోనగర్‌లో తెలిసిన లారీ మెకానిక్ చూసి గేర్ బాక్స్ పోయింది, క్లచ్ ప్లేట్లు మార్చాలి, మొత్తం విప్పాల్సిందే అంటున్నాడు. గేర్ ఆయిల్ కూడా కొంచెం తెల్లగా ఉంది. విప్పించమంటారా?"

వద్దు. ఇప్పుడే వద్దు.

అబ్బాయ్, ముందుగా ఆ మెకానిక్ గారికి చెప్పు, ఆల్ఫా డ్రైవ్‌లో క్లచ్ ప్లేట్లు ఉండవని. ఆయన్ని తప్పు పట్టడం లేదు, ఆటోనగర్‌లో లారీ గేర్ బాక్స్ కళ్లు మూసుకుని విప్పి బిగించేవాళ్లున్నారు, నాకు తెలుసు, కానీ ఇది వేరే జంతువు. నీ డ్రైవ్‌లో గేర్లు మారేది అడుగున, నీళ్లలో ఉండే భాగంలో, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద. అక్కడ ఫార్వర్డ్‌కి ఒక గేరు, రివర్స్‌కి ఒక గేరు ఎప్పుడూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతూనే ఉంటాయి. రెంటి మధ్యలో పళ్లున్న ఒక ఇనుప ముక్క ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాన్నే డాగ్ క్లచ్ అంటారు. ఏ వైపు జరిగితే ఆ గేరు పళ్లలో ఇరుక్కుంటుంది, మధ్యలో ఉంటే న్యూట్రల్. మెల్లగా రాసుకుని పట్టుకోవడం ఉండదు. పట్టుకుంటే పట్టుకున్నట్టు, వదిలితే వదిలినట్టు.

ఇక్కడో చిక్కుంది. ఇంజను తోస్తున్నంతసేపూ ఆ పళ్లు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుని ఉంటాయి, లాగినా ఊడవు. మరి గేరు బయటికి ఎలా వస్తుందంటావా? ఇంజను దగ్గర షిఫ్ట్ ప్లేట్ అని ఒకటుంటుంది, దాని మీద చిన్న స్విచ్. నువ్వు లివర్ లాగినప్పుడు పళ్లు వదలకపోతే కేబుల్‌కి ఆ బరువు తెలుస్తుంది, ప్లేట్ మీది లివర్ తన గాడి నుంచి పక్కకు జరిగి స్విచ్‌ని నొక్కుతుంది, స్పార్క్ ఒక్క క్షణం ఆగుతుంది. ఇంజను తోపు తగ్గుతుంది, పళ్లు వదులుతాయి, లివర్ గాడిలోకి వచ్చేస్తుంది, స్పార్క్ మళ్లీ మొదలు. ఇంజను ఒక చిన్న ఎక్కిలి పెట్టినట్టు వినిపిస్తుంది, అంతే. అన్నీ బాగుంటే చాలామంది దాన్ని గమనించనే గమనించరు.

ఇప్పుడు నీ కథకొద్దాం. కేబుల్ లోపల తుప్పు పట్టి బిగుసుకుందనుకో. పళ్లు వదిలేసినా కేబుల్ జరగడం లేదు. షిఫ్ట్ ప్లేట్‌కి ఆ తేడా ఎలా తెలుస్తుంది? దానికి బరువు బరువే. స్విచ్ నొక్కుకునే ఉంటుంది, స్పార్క్ రాదు, ఇంజను చచ్చిపోతుంది. న్యూట్రల్‌కి తెస్తుంటే ఆగిపోతోంది అన్నావే, అది ఇదే. నువ్వు రాసిన మూడు బాధల్లో రెండు, అంటే రివర్స్‌కి రెండు చేతులూ, న్యూట్రల్‌లో ఆగిపోవడమూ, ఒక్క కేబుల్‌తో వచ్చేవే. మూడోది, ఫార్వర్డ్ నుంచి రాకపోవడం, కేబుల్ వల్లా కావచ్చు, స్విచ్ పనిచెయ్యకా కావచ్చు, ఐడ్లింగ్ ఎక్కువుండీ కావచ్చు. గేర్ల దాకా వెళ్లడానికి ఇంకా చాలా దూరముంది.

ఇంజను ఎప్పుడు ఆగుతోంది అన్నది కూడా సరిగ్గా చూసుకో. గేరు లోంచి బయటికి వస్తుంటే ఆగితే కేబుల్, స్విచ్ వైపు చూడాలి. గేరు లోకి వేస్తుంటే ఆగితే అది ఇంజను బాధ. ఐడ్లింగ్ తక్కువుండటమో, నాలుగు నెలల పాత పెట్రోలుకి కార్బురేటర్ మూసుకుపోవడమో, ప్రొపెల్లర్‌కి ఏదైనా చుట్టుకోవడమో. మన దగ్గర ఆ చుట్టుకునేది ఏదో వేరే చెప్పక్కర్లేదు, గుర్రపు డెక్క. పెట్రోల్ సంగతి కూడా తేలిగ్గా తీసుకోకు, ఇప్పుడు అందులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది, రోజూ తిరిగే బైక్‌కి ఏమీ కాదు గానీ నెలల తరబడి ట్యాంకులో నిలవున్న బోటుకి అవుతుంది.

సరే, పరీక్ష ఎలా చెయ్యాలో చెబుతాను. దీనికి ఒక మనిషి తోడూ, ఒక ప్లయరూ చాలు. బోటు గట్టు మీద ఉండాలి, ఇంజను ఆపి ఉండాలి, తాళం నీ జేబులో ఉండాలి. తాళం సంగతి ఎందుకు ఒత్తి చెబుతున్నానంటే ఒకరు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పుతూ ఉండాలి, ఆ టైంలో లోపల ఎవరో పిల్లాడు స్టార్ట్ కొడితే వేళ్లు మిగలవు. ప్రొపెల్లర్ తిప్పకుండా ఆగిన ఇంజను మీద లివర్ బలవంతంగా నెట్టొద్దు. పళ్లకు పళ్లు ఎదురుగా నిలబడి ఉంటే గేరు పడదు, నువ్వు బలం పెడితే కేబుల్ వంగుతుంది, లేని జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది.

ఇంజను మూత ఎత్తు. షిఫ్ట్ ప్లేట్ దగ్గరికి రెండు కేబుళ్లు వస్తాయి. ఒకటి నీ చేతి లివర్ నుంచి, రెండోది వెనక డ్రైవ్ నుంచి. విప్పకముందే ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకో. కేబుల్‌కి ఉండే ఇత్తడి బ్యారెల్ ఎన్ని చుట్లు లోపలుందో గుర్తు పెట్టుకో, దాన్ని తిప్పొద్దు, సెట్టింగ్ మొత్తం దాని మీదే ఉంటుంది. ఇప్పుడు డ్రైవ్ వైపు కేబుల్ ఒక్కదాన్నే ఊడదీసి చేతి లివర్ ఆడించు. వెన్నలా ఆడితే పై కేబులూ, లివర్ డబ్బా బాగున్నట్టు. ఇంకా బిగువుగానే ఉంటే నీ అదృష్టం, బాధ పైనే ఉంది, చవకలో పోతుంది, డ్రైవ్ జోలికి వెళ్లే పనే లేదు.

పైది బాగుందనుకో. ఊడదీసిన కేబుల్ చివర పట్టుకుని లోపలికీ బయటికీ జరుపు, అవతల తోడు మనిషి ప్రొపెల్లర్ తిప్పుతూ ఉండాలి. మంచి కేబుల్ రెండు వేళ్లకు జరుగుతుంది. గేరు పడ్డప్పుడు ప్రొపెల్లర్ బిగిసి ఆగినట్టు తోడు మనిషికి తెలుస్తుంది, మధ్యలోకి తెస్తే మళ్లీ స్వేచ్ఛగా తిరుగుతుంది. బిగువుగా జరిగితే, లేదా ఇసుకలో ఈడ్చినట్టు గరగరమంటే, డ్రైవ్‌ని తిన్నగా ఉంచి ఒకసారి, స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి చూడు. తిన్నగా ఉన్నప్పుడు బాగా జరిగి ఒక పక్కకు తిప్పగానే పట్టేస్తే ఇంక ఆలోచించక్కర్లేదు, కేబుల్ వంపు దగ్గర చెడిపోయింది. ఆ కేబుల్ బోటు వెనక గోడలోంచి బయటికొచ్చి, డ్రైవ్ ఎటు తిరిగితే అటు, ఎంత లేస్తే అంత వంగుతూ ఉంటుంది. పైతోలు పగిలేది అక్కడే. చిన్న పగులు చాలు, నీళ్లు దిగి లోపలి తీగ తుప్పు పడుతుంది. నీది గోవా నుంచి వచ్చిన బోటు, అంటే ఉప్పునీళ్లలో తిరిగి ఉంటుంది, ఆ మీదట నాలుగు నెలలు కదలకుండా కూర్చుంది. రోజూ ఆడుతుంటే ఏదోలా నెట్టుకొచ్చే కేబుల్ ఆగిపోయిన నెలల్లోనే పట్టేస్తుంది. ముసలాళ్ల మోకాళ్లు చూడు, అంతే.

ఇంకో గుర్తు కూడా ఉంది. బోటు నీళ్లలో ఉన్నప్పుడు ఆ కేబుల్ లోపలికొచ్చే చోట, ఇంజను వైపు చివర, తడి ఉందేమో టార్చి వేసి చూడు. చుక్క చుక్కగా కారుతుంటే పగిలిన కేబుల్ గొట్టంలా పనిచేసి నీళ్లని బోటులోకి మోసుకొస్తున్నట్టు. బోటు అడుగున నీళ్లు ఎక్కడివో తెలియక నెలల తరబడి బుర్ర గోక్కున్నవాళ్లని చూశాను.

కొందరు చెబుతారు, కేబుల్‌లో ఆయిల్ పొయ్యి, స్ప్రే కొట్టు అని. పని చేస్తుంది, ఒక ఆదివారం. తుప్పు పట్టిన తీగకి మందు లేదు, మార్చడమే.

మూడో పరీక్షకి డ్రైవ్ దించాలి. ఇది నువ్వు ఒక్కడివీ చెయ్యొద్దు, దాని బరువు నడుం విరుస్తుంది, కింద స్టాండు పెట్టి ఇద్దరు పట్టుకోవాలి. ఆల్ఫా డ్రైవ్ దించేటప్పుడూ తిరిగి ఎక్కించేటప్పుడూ గేరు ఫార్వర్డ్‌లో ఉండాలి, లేకపోతే లోపల షిఫ్ట్ షాఫ్ట్ కలిసే చోట ఇరుక్కుంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక సుత్తులతో కొట్టి పాడుచేసిన డ్రైవ్‌లున్నాయి. దించాక కేబుల్ విడిగా, డ్రైవ్ విడిగా నీ ముందుంటాయి. కేబుల్ ఆడించు. డ్రైవ్‌లో నిలువుగా ఉండే షిఫ్ట్ షాఫ్ట్‌ని ప్రొపెల్లర్ తిప్పిస్తూ తిప్పి చూడు. షాఫ్ట్ తేలిగ్గా తిరిగి రెండు గేర్లూ పడుతున్నాయంటే నీ గేర్ బాక్స్ నిక్షేపంగా ఉంది. కేబుల్ కొసన, డ్రైవ్‌ని తగిలించే బెల్ హౌసింగ్‌లో ఉండే చిన్న లివర్ కూడా ఒక్కోసారి దాని బుష్‌లో పట్టేస్తుంది, దాన్నీ కదిపి చూడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకురా అంటున్నది ఇందుకే.

కేబులే అని తేలితే, దాన్ని మార్చేటప్పుడు పక్కనున్న బెలోస్, అంటే మడతలుండే రబ్బరు తొడుగులు, కూడా మార్పించేయ్. కేబుల్ మీది చిన్న బెలోసూ, డ్రైవ్ షాఫ్ట్ మీది పెద్ద బెలోసూ. అంత దాకా విప్పడానికే కూలి అంతా పోతుంది, రబ్బరు కోసం మళ్లీ ఇంకో ఏడాది అదే పని పెట్టుకోవడం దండగ. పెద్ద బెలోస్ చిరిగితే నీళ్లు యూనివర్సల్ జాయింట్లలోకీ, డ్రైవ్ షాఫ్ట్‌ని మోసే గింబల్ బేరింగ్‌లోకీ వెళ్తాయి, ఆ బేరింగ్ గుర్రుమనడం మొదలెడితే ఖర్చు ఇంకో మెట్టెక్కుతుంది. డ్రైవ్ దించి ఉన్నప్పుడే ఇంజను డ్రైవ్‌తో ఒకే వరసలో ఉందో లేదో అలైన్‌మెంట్ రాడ్ పెట్టి చూడమని అడుగు. కేబుల్ సెట్టింగ్ మాత్రం మాన్యువల్‌లో ఉన్న కొలతకే పెట్టించు, ఉజ్జాయింపు వద్దు. సెట్టింగ్ కాస్త అటూ ఇటూ అయితే డాగ్ క్లచ్ పళ్లు సగమే దిగుతాయి, సగం దిగిన పళ్లు అంచులు అరిగిపోతాయి, అప్పుడు నిజంగానే గేర్ బాక్స్ విప్పాలి.

స్విచ్ గురించి ఒక హెచ్చరిక. ఇంజను ఆగిపోవడం తప్పించుకోవడానికి ఆ స్విచ్ వైరు పీకేసే వీరులున్నారు. నేనూ ఆ పని చేశాను, దాచుకోవడం ఎందుకు. 2016 కృష్ణా పుష్కరాల రద్దీలో ఒక బోటు ఇలాగే మాటిమాటికీ ఆగిపోతుంటే, రెండు రోజులు గడిస్తే చాలనుకుని వైరు ఊడదీశాను. ఇంజను ఆగడం మానేసింది, నిజమే. కానీ గేరు బయటికి రావాలంటే లివర్‌ని గుంజాల్సి వచ్చింది, గుంజిన ప్రతిసారీ లోపల పళ్లు గీసుకున్నాయి. దసరా నాటికి ఆ బోటు ఫార్వర్డ్‌లో స్పీడు పెంచగానే టక్ టక్ మంటూ గేరు జారిపోవడం మొదలెట్టింది. విప్పి చూస్తే పళ్ల మూలలు గులకరాళ్లలా గుండ్రంగా అయిపోయాయి. వెయ్యి రూపాయల తొందరకి ఎంత కట్టానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. వైరు ఊడదీయడం ఒక్క పరీక్షకి మాత్రమే. తీసి చూశావు, ఇంజను ఆగలేదు, అంటే బాధ ఆ వైపే ఉందని తేలింది, వెంటనే తగిలించేయ్. అలాగే వేసుకుని నదిలోకి వెళ్లొద్దు.

ఆ టక్ టక్ సంగతి వచ్చింది కాబట్టి, బరువు పడగానే గేరు జారి శబ్దం వస్తే అది డాగ్ క్లచ్. శబ్దం లేకుండా ఇంజను మాత్రం అరుస్తూ బోటు కదలకపోతే అది గేరు కాదు, ప్రొపెల్లర్ మధ్యలో ఉండే రబ్బరు హబ్ జారుతోంది. హబ్ మీదా ప్రొపెల్లర్ మీదా కలిపి ఒక పెయింట్ గీత గియ్యి, ఒక రౌండ్ తిరిగొచ్చి చూడు, గీత విడిపోయి ఉంటే దొరికిపోయింది. నీ ఉత్తరంలో ఈ రెండూ లేవు, మంచిదే.

మరి తెల్లగా ఉన్న ఆయిలు? అది వేరే జబ్బు, దీనితో కలిపి చూడకు. తెల్లబడిందంటే నీళ్లు కలిశాయి. రాత్రంతా కదలకుండా ఉంచి పొద్దున్నే కింది ప్లగ్ కొంచెం వదులు చెయ్, నీళ్లు బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దానికంటిన మడ్డి వేళ్ల మధ్య రుద్ది చూడు. మెత్తటి బూడిద పేస్టులా ఉంటే అరుగుదల మామూలే. గోరు ముక్కల్లాంటి ఇనుప పెళ్లలు తగిలితే మాత్రం నేను ఇప్పటిదాకా చెప్పిందంతా పక్కన పెట్టి విప్పించు. నీళ్లు ఎక్కడి నుంచి వెళ్లాయంటే, మన నదిలో నా మొదటి అనుమానం వల దారం మీద. ప్రొపెల్లర్ తియ్యి. వెనక షాఫ్ట్ చుట్టూ నైలాన్ దారమో, గాలం తీగో బిగిసి ఉంటుంది, అది నీళ్లని ఆపే సీల్‌లోకి కోసుకుపోతుంది. భవానీ ద్వీపం చుట్టూ తిరిగే బోట్లకి గుర్రపు డెక్కా, ఆ డెక్కలో చిక్కుకున్న వల ముక్కలూ ఎంత అంటుకుంటాయో నీకు తెలియనిదా. సీల్ మార్చాక డ్రైవ్‌లోకి గాలి ఎక్కించి ప్రెషర్ నిలబడుతోందో లేదో చూడకుండా ఆయిల్ పోయనివ్వకు. ఆయిల్ కింది కన్నం నుంచే ఎక్కించాలి, పై కన్నం నుంచి బుడగలు లేకుండా బయటికొచ్చేదాకా. పై నుంచి పోస్తే గాలి చిక్కుకుని సగమే నిండుతుంది. రెండు ప్లగ్‌ల వాషర్లూ ప్రతిసారీ కొత్తవే వెయ్యాలి. వంద గంటలకో, ఏడాదికోసారో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చు.

ఇంక నడిపే తీరు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, గేర్లు చెడగొట్టేది ఎక్కువగా చెయ్యే. కారులో క్లచ్ మెల్లగా వదిలినట్టు ఇక్కడ లివర్‌ని మెల్లమెల్లగా జరుపుతారు, మర్యాదగా ఉంటుందని. ఆ మర్యాదలోనే పళ్లు ఒకదాని మీద ఒకటి గరగరలాడి అరిగిపోతాయి. ఇంజను ఐడ్లింగ్‌లో ఉండాలి, నీ ఇంజనుకి సాధారణంగా 600–700 ఆర్‌పీఎం మధ్య. అప్పుడు లివర్‌ని ఒక్క దెబ్బతో, తటపటాయించకుండా గేరులోకి వెయ్యి. బయటికి తెచ్చేటప్పుడూ అంతే. ఫార్వర్డ్ నుంచి తిన్నగా రివర్స్‌కి వెళ్లొద్దు, న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగు. డ్రైవ్ పైకి లేపి ఉన్నప్పుడు గేర్లు మార్చొద్దు, కేబుల్ వంపు బిగుసుకునేది అప్పుడే. ఐడ్లింగ్ 900, 1000 ఉంటే ఢాం అని శబ్దం వస్తుంది, అది వినగానే ముందు ఐడ్లింగ్ సరిచేయించు.

మీ పక్క బోటుకి బ్రావో డ్రైవో, వోల్వో పెంటా డ్రైవో ఉంటే ఈ స్విచ్ కథ వాళ్లకి చెప్పకు. వాటిలో గేరు మారేది పై భాగంలో, రాసుకుని పట్టుకునే కోన్ క్లచ్‌తో. కేబుల్ పరీక్ష మాత్రం ఎవరికైనా పనికొస్తుంది.

వచ్చే వానాకాలం గట్టున పెట్టేటప్పుడు డ్రైవ్‌ని పూర్తిగా కిందికి దించి పెట్టు, లేపి పెడితే బెలోస్ నెలల తరబడి సాగి ఉండి పగుళ్లిస్తాయి. ఎలుకలు ఆ రబ్బరు కొరుకుతాయి, చూసుకో. పదిహేను రోజులకోసారి వెళ్లి ఎవరితోనైనా ప్రొపెల్లర్ తిప్పిస్తూ లివర్ నాలుగుసార్లు ఆడించి రా. ఆయిల్ కూడా పెట్టే ముందే మార్చు, నీళ్లు కలిసిన ఆయిల్‌తో నాలుగు నెలలు ఉంచితే బేరింగులు లోపల కూర్చుని తుప్పు పడతాయి.

అన్నీ తేలేదాకా జనాన్ని ఎక్కించుకుని తిరగొద్దు. రివర్స్ అంటే మనకి బ్రేకు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు తాళ్లు తెగిన బోట్లు వెళ్లి గేట్లకు ఎలా కొట్టుకున్నాయో చూశావు కదా. మామూలు రోజుల్లో నీళ్లు నిలకడగానే ఉంటాయి, కానీ గేట్లెత్తిన రోజు ఆ వైపు లాగుడుంటుంది, ఆ లాగుడులో ఇంజను ఆగిపోయే బోటుతో పిల్లల్ని తీసుకెళ్లడం ఏమిటి? పరీక్షకి తిప్పినా గట్టు దగ్గరే తిప్పు, లంగరు తాడు చేతికందేలా ఉంచుకో, లైఫ్ జాకెట్ వేసుకో.

రెండో పరీక్ష అయ్యాక నాకు రాయి. కేబుల్ తిన్నగా ఉన్నప్పుడు ఎలా ఉంది, ఎడమకి తిప్పినప్పుడు ఎలా ఉంది, ప్లగ్‌కి ఏం అంటుకుంది, ఈ మూడూ చాలు. కొత్త కేబుల్ ఆర్డర్ పెట్టే ముందు డ్రైవ్ మీది సీరియల్ నంబర్ ఫొటో తీసి షాపువాడికి పంపు, ఆల్ఫాలోనే మొదటి తరం, రెండో తరం ఉన్నాయి, చూడ్డానికి ఒకేలా ఉన్నాయని ఏదో ఒకటి అంటగట్టేస్తారు.